గారడీయు వేళాకోళమును

బిలాస్‌పూర్ నుండి రాయపూర్ పోవు త్రోవలో బోద్రీ అను చిన్న పట్టణము గలదు. ఛత్తీస్‌గఢ్ ఉన్నత న్యాయస్థానము నేడు అచ్చటనే యున్నందున ఆ పేరు పలువురకు తెలిసినది. బిలాస్‌పూర్ మాత్రము అంతకు ఎంతో ముందునుండియే రైలు పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ చేతిలో, కొంత కాలమునకు, మన విశాఖపట్టణము, శ్రీకాకుళము సీమల గుండా పోవు మార్గము కూడ చేరెను. అందుచేత ఆ ప్రాంతపు తెలుగువారనేకులు రైలు కొలువు వెంట ఇక్కడికి వచ్చిరి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమాయెను. కొలువు ముగించుకొనినవారిలో కొందరు స్వస్థలములకు మరలిపోక, చుట్టుపట్ల ఊళ్లలో ఇండ్లు కట్టుకొని నిలిచిపోయిరి. బోద్రీలో అట్టి యొక ఇంట, మొన్నటి క్రిస్మసు దినములలో జరిగిన యొక చిన్న సంగతి ఈ వ్యాసమునకు కారణము.

ఆ సాయంకాలము ఏడెనిమిది తెలుగు కుటుంబములవారము ఆ యింట కూడుకొంటిమి. ఇంటి యజమానురాలు ఎనుబదేండ్ల వృద్ధురాలు. పలాస వైపు పల్లెలో పుట్టినది. మేమందరము ఆమెను పెద్దమ్మ అని పిలుతుము. భోజనములైన పిమ్మట పిల్లలందరు కలిసి, పదవీ విరమణ చేసిన గార్డుగారిని చుట్టుముట్టిరి. ఆయనకు గారడీ వచ్చును. గూడ్సు బండి చివరి పెట్టెలో, లాంతరు వెలుగున, తోడు లేక గడపిన రాత్రులలో ఆయన నాణెములతోను, తాడుముక్కలతోను చేతులకు ఆ విద్య నేర్పుకొనెను. ఆ దినమున ఆయన ఒక తాడును అందరి యెదుట నడుమకు కోసి, ముడివేసి, ఆ ముడిని గుప్పిట పట్టి నిమిరి, మరల అతుకులేని తాడుగా చూపెను. నా మనుమని చెవి వెనుకనుండి ఒక రూపాయి తీసెను. ఇల్లంతయు చప్పట్లతో మారుమ్రోగెను.

అప్పుడు పెద్దమ్మకు మనుమని వరుసయైన యొక యువకుడు, తానును ఒక తమాషా చూపెదనని, సంచిలోనుండి ఒక రేకుడబ్బాను తీసెను. దానిమీద జీడిపప్పు బొమ్మయున్నది. "అమ్మమ్మా, మీ పలాస పప్పు తెచ్చాను, మీరే ముందు తీసుకోవాలి" అని దానిని ఆమె చేతిలో పెట్టెను. పెద్దమ్మ సంతోషముతో మూత త్రిప్పెను. లోపల అణచిపెట్టబడిన స్ప్రింగుపాము బుస్సున లేచి ఆమె రొమ్మునకు తగిలెను. ఆమె కేకవేసి వెనుకకు ఒరిగెను. కుర్చీ యుండబట్టి క్రిందపడలేదు. మేమందరము నవ్వితిమి. నేనును నవ్వితిని. ఆమెయు పైట సవరించుకొని నవ్వెను. అయితే కొంతసేపటికి లోపలికి పోయిన పెద్దమ్మ మరల వెలుపలికి రాలేదు. ఆమె కుమార్తె వచ్చి మెల్లగా చెప్పిన మాట ఇది. పెద్దమ్మ యేడేండ్ల పిల్లగా నున్నప్పుడు, ధాన్యపుగాదె వద్ద ఆమె తమ్ముడు పాము కరచి, ఆమె కన్నుల యెదుటనే ప్రాణము విడిచెను.

యువకుని ముఖము పాలిపోయెను. అతడు చెడ్డవాడు కాడు. ఆ సంగతి అతడెరుగడు. కొందరు పెద్దలు అతనిని మందలించిరి. అంతట సభ ముగిసెను.

ఇంటికి పోవు దారిలో నా మనుమడు నన్ను ప్రశ్నించెను: "తాతయ్యా, గార్డు తాతగారు కూడా మనల్ని మోసమే చేశారు కదా? తాడు నిజంగా అతుక్కోలేదు కదా? అన్నయ్య కూడా మోసమే చేశాడు. ఆయనకు చప్పట్లు కొట్టి అన్నయ్యను ఎందుకు తిట్టారు? పెద్దమ్మగారి తమ్ముడికి అలా జరగకపోయి ఉంటే అన్నయ్య చేసింది మంచిదేనా?"

పదేండ్ల బాలుని ప్రశ్నకు అరువదెనిమిదేండ్ల నాకు ఆ రాత్రి సమాధానము దొరకలేదు. ప్రియపాఠకులారా, అతనికి నేను ఇయ్యవలసిన సమాధానమును మీతో కలిసి వెదకుచున్నాను.

మొదట ఈ రెంటికిని గల పోలికను దాచక ఒప్పుకొందము. రెంటిలోను దాచబడిన వస్తువొకటి యున్నది. రెంటిలోను కన్నొకటి చూడగా జరిగినది మరియొకటి. రెంటి ఫలమును ఆశ్చర్యమే. అంగడిలోను ఇవి ఇరుగుపొరుగు సరకులే. డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన సోరెన్ ఆడమ్స్ అను వర్తకుడు 1906లో తుమ్ములు తెప్పించు పొడి నొకదానిని అమ్మసాగెను. అతడే 1928లో, కరచాలనము చేయువాని అరచేతిలో గిర్రున వణకి ఉలికిపాటు కలిగించు చిన్న యంత్రమును కల్పించెను. డబ్బాలోనుండి దుముకు పామును లోకమునకు పరిచయము చేసినవాడును అతడే యని చెప్పుదురు. అట్టి వేళాకోళపు వస్తువులతో పాటు గారడీ సామగ్రిని కూడ అతని కంపెనీ అమ్మెను. ఒకే చేయి రెంటిని చేసెను. ఒకే బల్లమీద రెండును పరచబడెను. కాబట్టి వస్తువును చూచి మాత్రమే ఇది మంచిది, ఇది చెడ్డది యని చెప్పుట సాధ్యము కాదు.

మన విశ్వాస గృహములలో ఈ విషయమును గూర్చి వేరొక చిక్కు గలదు. తెలుగు బైబిలులో అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయమున సమరయ పట్టణపు సీమోను చేసిన పనికి "గారడీ" అను మాటనే వాడిరి. అందువలన చిన్నతనమున మా యింట గారడీవాని డప్పు వినబడగానే తలుపులు మూయుచుండిరి. నాణెమును మాయము చేయుటయు పాపమే యని మేమనుకొంటిమి. కాని ఆ అధ్యాయమును నెమ్మదిగా చదువుడి. సీమోను తప్పు చేతి నేర్పులో లేదు. తానెవడో గొప్పవాడని జనులను నమ్మించుటలో నున్నది. దేవుని వరమును రొక్కమిచ్చి కొనవచ్చునని తలంచుటలో నున్నది. గార్డుగారు అట్లు చెప్పుకొనలేదు. "బాబూ, ఇది నా చేతివాటం, మంత్రం కాదు" అని ఆయన ముందుగనే చెప్పెను.

తెలుగునాట కనికట్టు విద్యకు గౌరవమైన చరిత్రయున్నది. విప్రవినోదులను బ్రాహ్మణశాఖవారు తరతరములుగ ఇంద్రజాలము ప్రదర్శించి జీవించిరి. హైదరాబాదులో ఇంద్రజాలికుడుగను, హిప్నాటిస్టుగను, వ్యక్తిత్వ వికాస గ్రంథకర్తగను పేరొందిన బి.వి. పట్టాభిరామ్ గారు 2025లో కన్నుమూసిరి. వారి వేదికను చూచిన తెలుగు కుటుంబములు వేలకొలది. వీరెవరును తాము దేవతలమని చెప్పుకొనలేదు. అట్లు చెప్పుకొనువారి గుట్టును బయటపెట్టుటకు ఇదే విద్యను వాడినవారును గలరు. 1930లో కోజికోడ్‌లో పుట్టి 2009లో మరణించిన బి. ప్రేమానంద్ గారు ఊరూర తిరిగి, చేతిలో విభూతి పుట్టించుట మొదలగు అద్భుతములను తానే చేసి చూపి, అవి ఎట్లు జరుగునో విప్పి చెప్పెను. దేవుని గూర్చిన ఆయన అభిప్రాయములతో మనము ఏకీభవింపకపోవచ్చును; అబద్ధపు అద్భుతమును అబద్ధమని చూపుట మాత్రము మనకును కావలసిన మేలే.

ఏలయనగా కనికట్టును నిజమని నమ్మించినచో అది ఆట కాదు, వంచన. ఆ వంచనవలన మనదేశమున ప్రాణములు పోయినవి. మాంత్రిక చికిత్సల ప్రకటనలను అరికట్టుటకు 1954లోనే ఒక కేంద్ర చట్టము వచ్చెను. ఈ ఛత్తీస్‌గఢ్‌లో, పొరుగు స్త్రీని "టోనహీ", అనగా చేతబడి చేయునది, అని నిందించి హింసించుటను నివారించుటకు 2005లో ప్రత్యేకముగ చట్టము చేయవలసి వచ్చెను. కావున లెక్కకు మూడు సంగతులున్నవని గ్రహింపవలెను: గారడీ ఒకటి, వేళాకోళము ఒకటి, వంచన ఒకటి. మూడవది తప్పని చెప్పుట సులభము. నా మనుమని ప్రశ్న మొదటి రెంటిని గూర్చినది, కష్టమైనది అదే.

మొదటి భేదము ఒప్పందమునకు సంబంధించినది. గారడీ చూడ కూర్చున్నవాడు, "నీవు నా కన్నును మోసగించుము, నేను కనిపెట్టుటకు ప్రయత్నించెదను" అని నోటితో చెప్పకయే ఒప్పుకొనుచున్నాడు. ఇష్టము లేనివాడు లేచిపోవచ్చును. ఆట ప్రారంభమైనదని అతనికి తెలియును. ఆట ముగిసినదియు తెలియును. వేళాకోళపు డబ్బా పుచ్చుకొనినవానికి ఆట యొకటి జరుగుచున్నదనియే తెలియదు. తనకు ఎవరో ప్రేమతో పప్పు తెచ్చిరని పెద్దమ్మ అనుకొనెను. ఆమె మోసపోయినది కన్నువలన కాదు, నమ్మకమువలన. ఇయ్యబడిన వస్తువును సంతోషముతో పుచ్చుకొను ఆ మంచి గుణమే ఆ డబ్బాకు మూత తీసినది.

ఈ ఒప్పందము గారడీలో చెదరినప్పుడు ఏమగునో 1956లో లండనులో కనబడెను. వంగదేశపు ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్, ఆ సంవత్సరము ఏప్రిల్ 9వ తేదీన, బి.బి.సి. వారి పనోరమా అను టెలివిజను కార్యక్రమమున ఒక యువతిని రంపముతో నడుమకు కోయుచున్నట్లు చూపెను. కోసిన తరువాత ఆమెను లేపుటకు అతడు ప్రయత్నించెను, ఆమె కదలలేదు. అంతలో కార్యక్రమ వ్యాఖ్యాత ముందుకు వచ్చి కార్యక్రమము ముగిసినదని చెప్పెను. ఇండ్లలో చూచుచున్నవారు నిజముగా ఒక పిల్ల చంపబడినదని భయపడి బి.బి.సి. వారికి ఎడతెగక ఫోనులు చేసిరి. వేళ మించిపోయినదని నిర్వాహకులు చెప్పిరి. అది సర్కార్ బుద్ధిపూర్వకముగ చేసిన పనియే యని తలంచినవారును గలరు. ఆ యువతికి ఏమియు కాలేదు. సర్కార్ కీర్తి మాత్రము దానితో ఆ దేశమంతట వ్యాపించెను. అయినను ఆ కొన్ని గడియలు ఆలోచింపదగినవి. ఆట అదే, చేయి అదే, రంపము అదే. చివరి అంకమొక్కటి లోపించెను. కోయబడిన పిల్ల లేచి నవ్వుచు నమస్కరించు ఆ చివరి అంకము లేనందున, వేడుక చూడ కూర్చున్న వేలమంది, తమకు తెలియకుండగనే భయమునకు గురియైరి. అనగా ఆ రాత్రి గారడీ కొంతసేపు వేళాకోళపు డబ్బాగా మారెను. తాను కలిగించిన కలతను తానే తీర్చి, చూచువానిని క్షేమముగ మరల ఇంటికి పంపుట గారడీవాని ధర్మము. కోసిన తాడును అతికించి చూపవలెను. తీసిన రూపాయిని పిల్లవాని చేతిలోనే పెట్టవలెను.

రెండవ భేదము భారమును గూర్చినది. గార్డుగారు ఆ తాడు ఆటకై ఎన్నో రాత్రులు శ్రమించిరి. ఆ దినమున వ్రేలు జారియుండినచో నగుబాటు పొందవలసినవాడు ఆయనయే. గారడీలో ప్రమాదమంతయు చేయువాని మీదనే యుండును. చూచువాడు నష్టపోవునది ఏమియు లేదు. వేళాకోళపు వస్తువులో ఇది తలక్రిందులగును. డబ్బా కొనుటకు కొద్దిపాటి రొక్కము చాలును, శ్రమ లేదు, నేర్పు లేదు. పాము లేవకపోయినచో ఆ యువకునికి కలుగు నష్టము లేదు. లేచినచో గుండె అదరవలసినది పెద్దమ్మకు. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అని మన పెద్దలు చెప్పిన మాట ఇదియే. ఆడమ్స్ అమ్మిన తుమ్ముల పొడి చరిత్రయు దీనికి నిదర్శనము. అందులోని రసాయనము ఆరోగ్యమునకు హానికరమని తరువాత తేలి, అమెరికాలో అది నిషేధింపబడెను. అంతవరకు దానిని పీల్చి తుమ్మినవారెవరును దానిని కొనినవారు కారు. కొనినవారు ప్రక్కన నిలిచి నవ్వినవారు.

మూడవ భేదము అన్నిటికంటె లోతైనదని నాకు తోచుచున్నది. ఆ వేడుక ఎవరి కొరకు? గార్డుగారు నా మనుమని చెవి వెనుక రూపాయి తీసినప్పుడు, ఆ యింటిలో అందరికంటె ఎక్కువ సంతోషించినవాడు నా మనుమడే. ఆ ఆట అతని కొరకు చేయబడెను. అతడు అతిథి. పాము లేచినప్పుడు ఆ వేడుక పెద్దమ్మ కొరకు కాదు, చుట్టునున్న మా కొరకు. మేము చూచుచుండిన ప్రదర్శనలో డబ్బా, స్ప్రింగు, పాము ఎట్టివో పెద్దమ్మయు అట్టిదే యాయెను. మనిషి సామగ్రియైపోయెను. వేళాకోళములోని దోషమును నేనిక్కడ చూచుచున్నాను. నొప్పి కలిగినదా లేదా యనునది తరువాతి సంగతి. ఒక మనిషిని, ఆ మనిషి యెరుగకుండ, ఇతరుల నవ్వునకు పనిముట్టుగ వాడుకొనుట మొదటి సంగతి. కాబట్టి నా మనుమని చివరి ప్రశ్నకు నా సమాధానమేమనగా: ఆమె తమ్మునికి అట్లు జరుగకపోయినను, ఆ పని మంచిది కాకపోయియుండును, కేవలము దాని ఫలము మనకు కనబడకుండ పోయియుండును.

ఇక్కడ న్యాయముగ ఒక ఆక్షేపణ వినవలెను. అట్లయినచో మనము నవ్వనే రాదా? బావామరదండ్ల సరసములు తప్పా? పెండ్లిలో పెండ్లికొడుకు చెప్పులు దాచి, కట్నమడిగి, తిరిగి ఇచ్చు మరదండ్లు తప్పు చేయుచున్నారా? పిల్లలు ఒకరిమీద నొకరు రబ్బరు బల్లులు వేసికొనినచో గద్దింపవలెనా? నేనట్లనను. నవ్వు లేని యిల్లు చీకటి యిల్లే. ఆ సరసములను గమనించినచో, వాటిలో మనము ఇంతవరకు చెప్పుకొనిన మూడును కనబడును. పెండ్లికొడుకునకు తన చెప్పులు పోవునని తెలియును. అది బంధుత్వము ముందుగనే ఇచ్చిన అనుమతి. మరదలు ఈ దినము నవ్వినచో బావ రేపు బదులు తీర్చుకొనును. భారము ఇరువైపుల సమానము. చివరకు చెప్పులు తిరిగి వచ్చును, నవ్వు ఇద్దరిదియు నగును. రబ్బరు బల్లి వేసినవాడును వేయించుకొనినవాడును కలిసి మూడవవానిమీద వేయుటకు పరుగెత్తుచున్నంత సేపు అది ఆటయే. వారిలో ఒకడు వెనుకకు జరిగిన క్షణమున అది ఆట కాకపోవును.

అటులనే గారడీవాడైనంత మాత్రమున నిర్దోషి కాడు. ప్రేక్షకులలో పిరికివానిని వేదికమీదికి పిలిచి, అతని తడబాటును చూపి సభను నవ్వించువాడు, చేతిలో పేకముక్కలు పట్టినను, చేయుచున్నది వేళాకోళమే. మయసభ కథ మనకందరకును తెలిసినదే. నేలను నీరుగను, నీటిని నేలగను చూపిన ఆ శిల్పము కేవలము అద్భుతము. ఆ భవనమున తిరిగి ఆశ్చర్యపడినవారెందరో. దుర్యోధనుడు తడిసినప్పుడు చూచినవారు నవ్విరి; అంతట ఆ అద్భుతమే అవమానమాయెను, ఆ అవమానము పగయై పెరిగెను. శిల్పి కట్టినది మారలేదు. చూచుచున్నవారి నవ్వు మాత్రమే వచ్చి చేరినది.

ఇట్టి పనులు చేసినవారందరు చెప్పుకొను సాకు ఒక్కటే: "ఊరికే తమాషాకు చేశాను." సామెతల గ్రంథము 26వ అధ్యాయము 18, 19 వచనములలో జ్ఞాని ఈ సాకునే పట్టుకొనుట గమనింపుడి. పొరుగువానిని మోసగించి తరువాత నవ్వులాటకు చేసితినని చెప్పువానిని, తెగులును, అంబులను, కొరవులను విసరు పిచ్చివానితో అతడు పోల్చెను. ఈ పోలిక మితిమీరినదని చిన్నప్పుడు నాకు తోచెడిది. ఇప్పుడు అందులోని న్యాయము తెలియుచున్నది. పిచ్చివాడు విసరిన కొరవి ఎక్కడ పడునో అతడెరుగడు. అది తడినేలమీద పడి ఆరిపోవచ్చును, గడ్డివామిమీద పడవచ్చును. ఎదుటి మనిషి గుండెలో ఏ గాదె యున్నదో, ఆ గాదె వద్ద ఎవరు పడియున్నారో మనకు తెలియదు. ఆ యువకుడు తెలియక చేసెనని మేమందరము అతనిని ఓదార్చితిమి. అది నిజమే. అయితే తెలియకపోవుట క్షమకు కారణము కావచ్చునుగాని, సాహసమునకు కారణము కాజాలదు. తెలియదు గనుకనే ఆగవలసియుండెను.

ఇతరుని తప్పును గూర్చి ఇంత వ్రాసిన తరువాత నా తప్పును దాచుట న్యాయము కాదు. నేను హైస్కూలులో నున్నప్పుడు, ఊరి చివర తుప్పలలో దూలగొండి కాయలు దొరకుచుండెడివి. ఒకనాడు ఆ కాయల మీది నూగును కాగితములో పొట్లము కట్టి తెచ్చి, నా ముందు బల్లమీద కూర్చుండు యొక బాలుని చొక్కా మెడలో వేసితిని. అతడు కొద్దిగ నత్తివాడు, మెత్తనివాడు. అందుకే అతనిని ఎన్నుకొంటినని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను. అతడు గోకికొనుచు గంతులు వేయుచుండగా తరగతియంతయు నవ్వెను. పాఠము చెడినదని ఉపాధ్యాయుడు అతనినే బెత్తముతో కొట్టెను. నేను నోరు విప్పలేదు. ఏబది సంవత్సరములకు పైగా ఈ సంగతిని నేను ఎందరికో చెప్పి నవ్వించితిని. పెద్దమ్మ లోపలికి పోయిన ఆ రాత్రి మొదటిసారిగా నాకు వేరొక ఆలోచన కలిగెను: అతడు ఈ కథను తన పిల్లలకు ఎట్లు చెప్పియుండును? చెప్పియుండునా? అతడిప్పుడు ఎక్కడ నున్నాడో నాకు తెలియదు. గారడీవాడు సభ ముగియకముందే తాడు అతికించును. నేను కోసిన తాడు నా చేతిలో లేదు.

కావున, పాఠకులారా, ఒకరిని ఆశ్చర్యపరచవలెనని మీకు ఎప్పుడైన కోరిక కలిగినచో, ఈ మూడు సంగతులను మిమ్మును మీరే అడిగికొనుడి. ఆట జరుగుచున్నదని ఆ మనిషికి తెలియునా, లేక కనీసము మా బంధుత్వము ఆ అనుమతి ముందే ఇచ్చినదా? ఇది చెడినచో నగుబాటు నాదా, ఆ మనిషిదా? ముగిసిన తరువాత అందరికంటె ఎక్కువ సంతోషించువారు ఎవరు? మూడింటికిని మంచి సమాధానము దొరకినచో, అంగడిలో కొనిన రబ్బరు పామైనను మేలే. దొరకనిచో, మెచ్చదగిన హస్తలాఘవమైనను మానుకొనుడి.

నేడు ఈ ప్రశ్నలు మరింత అవసరమైనవి. చేతిలో ఫోను పట్టుకొని, దారిన పోవు ముసలివానిని బెదరించి, ఆ బెదరును చిత్రించి లోకమునకు చూపువారు పెరిగిరి. వెనుకటి వేళాకోళము ఒక గదిలో జరిగి ఆ గదిలోనే చల్లారెడిది. ఇప్పుడు ఆ ముసలివాడు ఎన్నడును చూడని లక్షలాది మనుష్యుల నవ్వునకు సామగ్రి యగుచున్నాడు. అతని అనుమతి ఎవరును అడుగరు. నవ్వినవారికి అతని పేరైనను తెలియదు.

బోద్రీలో తరువాత జరిగినది చెప్పి ముగించెదను. ఆ యువకుడు రెండు దినములు ముఖము చాటుచేసి, మూడవ దినమున పెద్దమ్మ వద్దకు ఒంటరిగ పోయెను. వారు ఏమి మాటలాడుకొనిరో నేనడుగలేదు. క్రొత్త సంవత్సరపు దినమున మేము మరల ఆ యింట కూడుకొంటిమి. పెద్దమ్మ లోపలినుండి ఆ జీడిపప్పు డబ్బాయే తెచ్చి, అందరి యెదుట ఆ యువకుని చేతిలో పెట్టి, "నువ్వే ముందు తియ్యాలి నాయనా" అనెను. అతడు డబ్బాను చూచెను, ఆమెను చూచెను. మూతమీద చేయి వేసి ఆగిపోయెను. ఇల్లంతయు నిశ్శబ్దమాయెను. "భయపడకు, లోపల ఏముందో ముందే చెబుతున్నాను. పలాస నుంచి మా అన్నగారి కోడలు పంపిన పప్పు" అని ఆమె నవ్వెను. అతడు మూత తీసెను. లోపల వేయించి ఉప్పుకారము చల్లిన జీడిపప్పే యున్నది. అతడు మొదటి పలుకు తీసి ఆమె నోటికందించెను.

నా మనుమడు నా ప్రక్కనే కూర్చుండి యంతయు చూచుచుండెను. అతడు నా చెవిలో, "తాతయ్యా, ఇది గారడీయా, వేళాకోళమా?" అని అడిగెను.

"పెద్దమ్మ ముఖం చూడు, అన్నయ్య ముఖం చూడు, తరువాత నువ్వే చెప్పు" అని అతనితో అంటిని.